ఓపెన్ టాప్ కారు తయారీ చరిత్రను ఆధారాలతో పరిశోధించడం ఎలా

అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల్లో ఏ పాత ఇంటి షెడ్డులోనైనా టార్పాలిన్ కింద ఒక ఓపెన్ టాప్ కారు ఉందంటే దాని గురించి రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఇలాంటివి దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేన్నే వచ్చాయని ఒక మాట, ఫలానా పత్తి మిల్లు యజమాని ప్రత్యేకంగా తెప్పించుకున్నాడని మరొక మాట. రెండూ నిజం కావచ్చు. అయితే అవి నిజమని చెప్పగలగాలంటే కారు మీద కొట్టిన నంబరు నుంచి ఫ్యాక్టరీ రికార్డు దాకా ఒక్కో ఆధారం తర్వాతి ఆధారంతో కలవాలి. పొలం కొనేవారు లింకు డాక్యుమెంట్లు వెనక్కి చూసుకుంటూ వెళ్లినట్టే ఇక్కడా వెళ్లాలి. పరిమిత సంఖ్యలో తయారైన కారు మీ ఇంట్లో ఉన్నా, మీరు కొనబోతున్నా, లేక కేవలం ఆసక్తితో దాని చరిత్ర రాయదలచుకున్నా ఈ వ్యాసంలోని క్రమం మీకు పనికొస్తుంది.

ముందు మీ ప్రశ్నను విడదీసి రాసుకోండి

"ఈ కారు ఎన్ని తయారయ్యాయి?" అన్నది చూడటానికి ఒకే ప్రశ్న. నిజానికి అందులో నాలుగు ప్రశ్నలు ఉన్నాయి: కంపెనీ తయారు చేస్తామని ప్రకటించినవి ఎన్ని, ఫ్యాక్టరీ గేటు దాటినవి ఎన్ని, అమ్ముడై రిజిస్టరైనవి ఎన్ని, ఇప్పటికి మిగిలినవి ఎన్ని. ఈ నాలుగు సంఖ్యలు ఒకటే కావడం అరుదు. నోటుపుస్తకంలో వీటికి నాలుగు వేర్వేరు పేజీలు కేటాయించి, ఎక్కడ ఏ సంఖ్య కనిపించినా అది ఏ పేజీకి చెందుతుందో తేల్చుకున్న తరువాతే రాయండి.

రికార్డులు చక్కగా ఉన్న ఒక కారును చూస్తే ఈ తేడా ఎంత ముఖ్యమో తెలుస్తుంది. జనరల్ మోటార్స్ సంస్థ షెవ్రొలే కార్వెట్‌ను అమెరికాలోని ఫ్లింట్ పట్టణంలో 1953లో తయారు చేయడం మొదలుపెట్టింది. మొదటి కారు ఆ ఏడాది జూన్ 30న బయటికి వచ్చింది. ఆ మోడల్ సంవత్సరానికి తయారైనవి 300 మాత్రమే. అన్నీ ఓపెన్ టాప్, అన్నీ తెలుపు, అన్నింటికీ ఎర్ర సీట్లు. అయితే అదే ఏడాది డిసెంబరులో సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీలో కూడా తయారీ మొదలైంది, అక్కడ తయారైనవి 1954 మోడల్ లెక్కలోకి వెళ్లాయి. కాబట్టి "1953లో తయారైన కార్వెట్లు" ఒక లెక్క, "1953 మోడల్ కార్వెట్లు" మరొక లెక్క. అమెరికా కంపెనీల లెక్కల్లో మోడల్ సంవత్సరం, బ్రిటిష్ కంపెనీల లెక్కల్లో తరచుగా ఛాసిస్ (కారు కింది ఉక్కు చట్రం) నంబర్ల శ్రేణి, మన కంపెనీల వార్షిక నివేదికల్లో ఆర్థిక సంవత్సరం కనిపిస్తాయి. ఈ మూడింటినీ కలిపి కూడితే వచ్చే మొత్తానికి అర్థం ఉండదు.

"పరిమిత" అన్న మాటను కూడా ఇలాగే పరీక్షించాలి. 1976లో కాడిలాక్ కంపెనీ ఎల్‌డొరాడో ఓపెన్ టాప్‌ను అమెరికాలో చివరి ఓపెన్ టాప్ కారుగా ప్రచారం చేసింది. ఆ ఏడాది సుమారు 14,000 తయారయ్యాయి. వాటిలో చివరి 200 మాత్రం ఒకే రకమైన తెల్ల రంగుతో, ఎరుపు నీలం గీతలతో వచ్చాయి. 1984 మోడల్‌గా అదే పేరుతో ఓపెన్ టాప్ మళ్లీ వచ్చినప్పుడు, 1976 కార్లను కొన్నవారిలో కొందరు కోర్టుకెక్కారు. "1976 ఎల్‌డొరాడో చాలా అరుదైనది" అని ఎవరైనా అంటే, వారు చెబుతున్నది 200 గురించా 14,000 గురించా అని అడగకుండా ముందుకు వెళ్లకూడదు.

కారు మీద ఉన్న నంబర్లను చదవండి

కాగితాల కంటే ముందు కారు దగ్గరికే వెళ్లండి. కాగితం మీద రాసినవారు పొరపడి ఉండవచ్చు. ఉక్కు మీద ఫ్యాక్టరీలో కొట్టిన అంకెలను మార్చడం కష్టం, మార్చినా సాధారణంగా జాడ మిగులుతుంది. మన ప్రాంతపు పొడి వాతావరణం ఈ విషయంలో మనకు మేలు చేసింది. సముద్రతీరంలో తుప్పు పట్టి మాయమయ్యే అంకెలు ఇక్కడ మట్టి, గ్రీజు కింద స్పష్టంగానే దొరికే అవకాశం ఎక్కువ.

నంబరు ఉన్న చోటును కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో మాత్రమే తుడవండి. ఎమరీ పేపరు, వైర్ బ్రష్ వాడవద్దు. అవి అంకెల అంచులను అరగదీస్తాయి, ఆ తరువాత ఆ నంబరు అసలుదా తిరిగి కొట్టినదా అన్నది తేల్చడం కష్టమవుతుంది. తుడిచాక టార్చిలైటును పక్కనుంచి వాలుగా పట్టి ఫోటోలు తీయండి. తరువాత పల్చని తెల్ల కాగితం పరచి పెన్సిల్‌ను అడ్డంగా రుద్ది అచ్చు తీసుకోండి. ఆర్టీవో ఆఫీసులో ఛాసిస్ పెన్సిల్ ప్రింట్ అని అడిగేది ఇదే. నంబరు కారులో ఏ చోట ఉందో, ఎడమవైపా కుడివైపా, ప్లేటు మీద ఉందా, ప్లేటును రివెట్లతో బిగించారా స్క్రూలతో బిగించారా అన్నవి ఆ కాగితం మీదే రాయండి.

ఇప్పుడు ఆ నంబరును చదవడం. ప్రపంచమంతటా నేడు చూసే 17 అక్షరాల నంబరు 1981 నుంచి అమెరికాలో తప్పనిసరి అయింది. ఇతర దేశాల్లో క్రమంగా స్థిరపడింది. అందులో ఇంగ్లిషు అక్షరాలైన ఐ, ఓ, క్యూ వాడరు. కాబట్టి మీరు రాసుకున్నదానిలో ఇంగ్లిషు 'ఓ' కనిపిస్తే అది సున్నా అని గుర్తించండి. మొదటి మూడు స్థానాలు తయారీదారును సూచిస్తాయి: పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి తయారవుతున్న కార్ల నంబర్లు ఎం.జెడ్.బి. అక్షరాలతో మొదలవుతాయి. పాత కారు దగ్గరికి వెళ్లే ముందు పక్కింటివారి కొత్త కారు మీద ఈ చదవడాన్ని సాధన చేయడం మంచి పద్ధతి. అమెరికా మార్కెట్ కార్లలో పదో స్థానం మోడల్ సంవత్సరాన్ని, పదకొండోది ఫ్యాక్టరీని చెబుతాయి. ఐరోపా కంపెనీలన్నీ ఇదే పద్ధతి పాటించలేదు గనుక ఒక దేశపు పట్టికతో మరో దేశపు నంబరును చదవకండి.

1981కి ముందు ప్రతి కంపెనీది ఒక్కో భాష. మొదటి 300 కార్వెట్ల నంబర్లు ఈ53ఎఫ్001001 నుంచి ఈ53ఎఫ్001300 వరకు ఉన్నాయి. ఇందులో 53 సంవత్సరం, ఎఫ్ ఫ్లింట్ ఫ్యాక్టరీ. చివరి 001001 అన్నది వెయ్యిన్నొకటో కారు కాదు, మొదటి కారు. శ్రేణి ఎక్కడ మొదలైందో తెలియకుండా చివరి అంకెలను చూసి ఇది ఇన్నో కారు అని చెప్పడం ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు.

ఓపెన్ టాప్ కార్ల విషయంలో మరో ప్రత్యేక ప్రశ్న ఉంది: ఈ కారు ఫ్యాక్టరీ నుంచే టాపు మడిచేలా వచ్చిందా, లేక మామూలు సెడాన్ టాపును తరువాత తీసేశారా? దీనికి హెరాల్డ్ కంటే మంచి ఉదాహరణ లేదు. ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి రూపకల్పన చేసిన ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో బ్రిటన్‌లో విడుదలైంది, మరుసటి ఏడాది దాని ఓపెన్ టాప్ వచ్చింది. 1961 నుంచి మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా కంపెనీ దీనిని స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో మన దేశంలో తయారు చేసింది; తరువాత వచ్చిన నాలుగు తలుపుల హెరాల్డ్ మన దేశానికే ప్రత్యేకం. ఈ కారుకు విడి ఛాసిస్ ఉంటుంది, పైకప్పును బోల్టులతో బిగిస్తారు. అంటే పానాలు పట్టుకోవడం తెలిసిన మెకానిక్ రెండు తలుపుల సెడాన్ పైకప్పును విప్పేసి, టాపు ఫ్రేమును తెచ్చి అమర్చి, చూడటానికి ఫ్యాక్టరీ ఓపెన్ టాప్ లాగే చేయగలడు. అందుకే బ్రిటన్‌లో తయారైన హెరాల్డ్‌లో కమిషన్ నంబరు (ఫ్యాక్టరీ ఒక్కో కారుకు ఇచ్చిన నంబరు) ప్లేటును చూడాలి: నంబరు చివర సి.వి. అక్షరాలుంటే అది ఓపెన్ టాప్‌గానే పుట్టింది.

విడి ఛాసిస్ లేని కారులో పైకప్పే బాడీకి బలం. అందువల్ల ఫ్యాక్టరీ తన ఓపెన్ టాప్ మోడల్‌కు నేల కింద, తలుపుల కింది పట్టెల్లో అదనపు రేకులు, బ్రేసింగులు వేస్తుంది. కారును పైకెత్తించి ఆ భాగాల్లో వెల్డింగ్ ఎలా ఉందో చూడండి. వరుసగా, సమాన దూరంలో ఉన్న స్పాట్ వెల్డింగ్ ఫ్యాక్టరీ పనికి గుర్తు; గ్యాస్ వెల్డింగ్ గడ్డలు కనిపిస్తే తరువాత జరిగిన పని అయి ఉండవచ్చు. అనుభవమున్న టింకరింగ్ మేస్త్రీని వెంట తీసుకెళ్లడం ఇక్కడ ఎంతో ఉపయోగం, ఆ చూపు పుస్తకాలతో రాదు.

పైన ఉన్న కాన్వాసును మాత్రం ఆధారంగా తీసుకోకండి. అనంతపురం ఎండకు ఏ కాన్వాసూ దశాబ్దాలు నిలవదు, అది ఎన్నోసార్లు మారి ఉంటుంది. కాన్వాసు కింది ఇనుప కమ్మీలు, వాటి కీళ్లు, అద్దం ఫ్రేము మీద కొక్కేలు పట్టే చోట్లు మాత్రమే చూడదగినవి. ఇంజన్ నంబరును నమోదు చేసుకోండి గాని దాని మీద పూర్తిగా ఆధారపడకండి, ఎందుకంటే పెట్రోలు ఖర్చు భరించలేక పాత కార్లకు డీజిల్ ఇంజన్ ఎక్కించడం మన దేశంలో మామూలే. డాష్‌బోర్డు మీది "ఇన్నింటిలో ఇన్నోది" అన్న ప్లేటు కూడా ఒంటరిగా సాక్ష్యం కాదు. మాజ్దా ఎం.ఎక్స్.5 పదో వార్షికోత్సవ కారు 1999లో ప్రపంచం మొత్తానికి 7,500 తయారైంది, ప్రతిదానికీ సంఖ్య ఉన్న ప్లేటు ఉంది. అలాంటి ప్లేటును కారు నుంచి కారుకు మార్చడం పెద్ద పని కాదు గనుక, దానిని ఛాసిస్ నంబరుతో కలిపి చెప్పే పత్రం దొరికితేనే విలువ ఇవ్వండి.

మన జిల్లాల రిజిస్ట్రేషన్ కాగితాలు

ఇక కారు ఈ నేల మీద గడిపిన జీవితం. ఇక్కడ రాయలసీమ చరిత్ర తెలిసి ఉండటం పరిశోధకుడికి నేరుగా ఉపయోగపడుతుంది.

ప్రస్తుత ఆర్‌.సి.లో ఎ.పి.02 ఉంటే అనంతపురం, ఎ.పి.04 ఉంటే కడప, ఎ.పి.21 ఉంటే కర్నూలు. ఈ పద్ధతి 1988 మోటారు వాహనాల చట్టం 1989లో అమల్లోకి వచ్చినప్పటిది. 2019లో కొత్త వాహనాలకు రాష్ట్రమంతటా ఎ.పి.39 ఇవ్వడం మొదలుపెట్టారు. పాత కారుకు ఈ నంబరు ఉందంటే, దానిని తరువాత రీ-రిజిస్ట్రేషన్ చేయించారని అర్థం, అంటే దీనికి ముందు మరో నంబరు ఉంది. ఆ పాత నంబరే మీకు కావలసింది.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ మూడు జిల్లాలూ మద్రాసు రాష్ట్రంలోనివి. కాబట్టి ఆనాటి కారుకు మద్రాసు రాష్ట్రపు నంబరు ఉంటుంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి: ఆ మూడు తాలూకాలు 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆదోని పత్తి వ్యాపారి 1940లలో కొన్న కారు చరిత్ర కర్నూలు రికార్డుల్లో కనిపించకపోతే అది లేదని అనుకోకండి, బళ్లారిలో వెతకవలసి ఉంటుంది. బళ్లారి ఇప్పుడు కర్ణాటకలో ఉంది. హిందూపురం, మడకశిర వైపు వారు బెంగళూరులో కారు కొని మైసూరు రాష్ట్రపు నంబరుతోనే తిప్పిన సందర్భాలనూ పరిగణించాలి. 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి, నంద్యాల, అన్నమయ్య జిల్లాలు ఏర్పడ్డాక ఏ కార్యాలయం ఫైలు ఎక్కడికి చేరిందో కూడా అడిగి తెలుసుకోవాలి.

కారు మీ పేరున ఉంటే ఆర్టీవో కార్యాలయంలో బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ (అక్కడి వాహనాల రిజిస్టరులో మీ కారు వివరాల నకలు) కోసం దరఖాస్తు పెట్టండి. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, తయారీ సంవత్సరం, బాడీ రకం, ఛాసిస్ నంబరు, యాజమాన్యం మారిన క్రమం అందులో ఉంటాయి. బాడీ రకం గడిని ప్రత్యేకంగా చూడండి. పాత రిజిస్టరులో ఓపెన్ టాప్ అని ఉండి, కంప్యూటరులోకి ఎక్కించిన తరువాత సెలూన్ (అంటే సెడాన్) అని మారిపోతే, అసలు రిజిస్టరు పేజీ నకలు మీకు అవసరం. పెద్ద వయసు మనుషులతో మాట్లాడేటప్పుడు "బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన కాగితం" అని అడిగితే వారికి వెంటనే గుర్తొస్తుంది.

కారు మీ పేరున లేకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద అడగవచ్చు. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, జిల్లా స్థాయి కార్యాలయానికి 10 రూపాయలు. సమాధానం 30 రోజుల్లో ఇవ్వాలి. దరఖాస్తులో యజమానుల పేర్లు, చిరునామాలు అడగకండి. వ్యక్తిగత సమాచారం కింద తిరస్కరిస్తారు, అలా తిరస్కరించడం న్యాయమే. ఛాసిస్ నంబరు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, బాడీ రకం, ముందు ఏ రాష్ట్రం లేదా ఏ కార్యాలయం నుంచి బదిలీ అయింది అన్నవి మాత్రమే అడగండి.

ఇంట్లో ఉండగల కాగితాలూ చాలా ఉన్నాయి. డీలరు బిల్లు, బీమా పాలసీలు, పన్ను టోకెన్లు, దిగుమతి కారైతే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ, కారు పక్కన నిలబడి తీయించుకున్న పెళ్లి ఫోటోలు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద కర్నూలు పాతబస్తీని ముంచెత్తినప్పుడు ఎన్నో కుటుంబాలు ఇలాంటి కాగితాలను పోగొట్టుకున్నాయి. అలాంటి ఇంటి కారైతే డీలరు ఊరి నుంచి, బీమా కంపెనీ నుంచి, ఆర్టీవో రిజిస్టరు నుంచి వెనక్కి కట్టుకుంటూ రావాలి.

తయారీదారు రికార్డులు

ఇంతవరకు వచ్చాక మీ చేతిలో ఛాసిస్ నంబరు ఉంటుంది, దానికి సమీప తేదీ ఉంటుంది. ఇప్పుడు ఫ్యాక్టరీని అడగవచ్చు.

బ్రిటిష్ కార్లలో ట్రయంఫ్, ఎం.జి., ఆస్టిన్, మోరిస్ వంటి వాటి తయారీ రికార్డులు ఇంగ్లండులోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్టు దగ్గర ఉన్నాయి. ఛాసిస్ నంబరు పంపి రుసుము కడితే హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు. జాగ్వార్ కార్లకు జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్టు ఉంది. జర్మన్ కార్లకు మెర్సిడెస్-బెంజ్ క్లాసిక్, బి.ఎం.డబ్ల్యూ. గ్రూప్ క్లాసిక్ విభాగాలు ఉన్నాయి. 1967 నుంచి తయారైన అమెరికన్ ఫోర్డ్ కార్లకు ఆ కంపెనీ ఉత్పత్తి డేటాబేసు ఆధారంగా మార్టీ రిపోర్ట్ అనే పత్రం లభిస్తుంది. ఈ పత్రాల్లో సాధారణంగా తయారైన తేదీ, ఫ్యాక్టరీ నుంచి పంపిన తేదీ, రంగు, సీట్ల రంగు, ఏ దేశానికి లేదా ఏ డీలరుకు పంపారు అన్నవి ఉంటాయి.

ఉత్తరంలో ఒకే ఒక కారు గురించి అడగండి, యాజమాన్యం రుజువు, ప్లేటు ఫోటో జతచేయండి. "ఈ రకం మొత్తం ఎన్ని చేశారు" అని విడిగా అడగండి. రెండింటినీ కలిపి అడిగితే మొదటిదానికే జవాబు వస్తుంది. సంఖ్య చెప్పినప్పుడు అది రిజిస్టరు నుంచి లెక్కించినదా, కంపెనీ ప్రకటన నుంచి తీసుకున్నదా అని మర్యాదగా మళ్లీ రాయండి. ఈ రెండో ఉత్తరమే చాలా సందర్భాల్లో అసలు సంగతి బయటపెడుతుంది.

భారతదేశానికి విడిభాగాలుగా వచ్చి ఇక్కడ బిగించిన కార్లకు ఒక్కోదానికి విడివిడిగా విదేశీ రికార్డు ఉండకపోవచ్చు. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో ఇలా కార్లు బిగించింది. విదేశీ కంపెనీ రికార్డుల విభాగం "మా రికార్డులో లేదు" అని రాస్తే కారు నకిలీదని నిర్ధారించకండి. ఇక్కడ బిగించినదేమో చూడండి.

కంపెనీయే లేనప్పుడు

మన దేశపు ఓపెన్ టాప్ కార్ల చరిత్రలో కష్టమంతా ఇక్కడే ఉంది, కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కార్ల తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. 1990ల చివర గోవాలో ఫైబర్ బాడీతో, రెనో 1.2 లీటర్ ఇంజన్‌తో తయారైన రెండు సీట్ల సాన్ స్టార్మ్ కారు కంపెనీ కూడా ఇప్పుడు పనిచేయడం లేదు. అయినా దారులు ఉన్నాయి.

మొదటిది కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన వార్షిక నివేదికలు. 1956 కంపెనీల చట్టం ఆరో షెడ్యూలు ప్రకారం తయారీ కంపెనీలు లైసెన్సు సామర్థ్యం, స్థాపిత సామర్థ్యం, వాస్తవ ఉత్పత్తి సంఖ్యలో చూపవలసి ఉండేది. ఇది ఆడిటరు సంతకం చేసిన సంఖ్య గనుక ప్రకటనల కంటే ఎంతో నమ్మదగినది. అయితే అందులో "కార్లు" అన్న ఒకే వరుస ఉంటుంది, ఓపెన్ టాప్ ఎన్ని, సెడాన్ ఎన్ని అన్న విభజన సాధారణంగా ఉండదు. ఆ సంఖ్యను గరిష్ఠ పరిమితిగా మాత్రమే వాడండి: ఆ ఏడాది మొత్తం కార్లే ఇన్ని అయితే ఓపెన్ టాప్‌లు అంతకు మించి ఉండవు. ఆటోమొబైల్ పరిశ్రమపై టారిఫ్ కమిషన్ 1953లో, 1956లో ఇచ్చిన నివేదికలు, పార్లమెంటులో మంత్రులు ఇచ్చిన లిఖితపూర్వక సమాధానాలు కూడా ఇదే తరగతి ఆధారాలు.

రెండోది విడిభాగాల కేటలాగు. చాలామంది దీనిని పట్టించుకోరు, నా దృష్టిలో ఇది అన్నిటికంటే విలువైనది. తయారీ మధ్యలో ఒక భాగం మారినప్పుడల్లా కేటలాగులో "ఈ ఛాసిస్ నంబరు వరకు పాతది, ఈ నంబరు నుంచి కొత్తది" అని ముద్రిస్తారు. అమ్మకాల కోసం కాకుండా స్టోరు గుమాస్తా సరైన వస్తువు ఇవ్వడానికి రాసింది కాబట్టి దానిలో గొప్పలు చెప్పే అవసరం లేదు. ఓపెన్ టాప్‌కే చెందిన భాగాల పేజీలు తీసి, వాటిలో కనిపించే అన్ని నంబర్లనూ వరుసలో రాస్తే ఆ మోడల్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో ఒక రూపు వస్తుంది. పాత డీలర్లు, స్పేర్ పార్టుల దుకాణాలు నడిపిన కుటుంబాల దగ్గర ఈ కేటలాగులు అటకల మీద ఉండే అవకాశం ఉంది. గుంతకల్లు, ప్రొద్దుటూరు, నంద్యాల వంటి వ్యాపార పట్టణాల్లో అడగండి.

మూడోది మిగిలిన కార్ల నంబర్లు సేకరించి అంచనా వేయడం. ఓపెన్ టాప్‌లకు ప్రత్యేక శ్రేణి ఉండి, అది 1 నుంచి విరామం లేకుండా సాగిందని తేలితే ఒక సులువైన లెక్క ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల గణాంక నిపుణులు జర్మన్ ట్యాంకుల సంఖ్యను అంచనా వేయడానికి వాడిన పద్ధతి ఇదే. దొరికిన నంబర్లలో పెద్దదానిని దొరికిన కార్ల సంఖ్యతో భాగించి, ఆ ఫలితాన్ని పెద్ద నంబరుకే కలిపి ఒకటి తీసివేయాలి. నాలుగు కార్లు దొరికి వాటిలో పెద్ద నంబరు 60 అయితే, 60కి 15 కలిపి 1 తీసేస్తే 74 వస్తుంది. సెడాన్‌లూ ఓపెన్ టాప్‌లూ ఒకే శ్రేణిలో కలిసి ఉంటే ఈ లెక్క పనికిరాదు. పనికొచ్చిన చోట కూడా దానిని "అంచనా" అని రాయాలి, "తయారైన సంఖ్య" అని రాయకూడదు.

ఆనాటి పత్రికలు, మనుషుల జ్ఞాపకాలు

కారు విడుదలైన నెలల వార్తాపత్రికల్లో ప్రకటనలు, ధరలు, డీలర్ల పేర్లు దొరుకుతాయి. చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయానికి దేశంలో ముద్రితమయ్యే పుస్తకాలు, పత్రికలు చట్టప్రకారం చేరతాయి. ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత తెలుగు పత్రికలు, మన జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లోని పాత సంపుటాలు కూడా చూడండి. పత్రికలో కనిపించే సంఖ్య దాదాపు ఎప్పుడూ కంపెనీ ప్రకటించినదే గనుక అది మీ నోటుపుస్తకంలోని నాలుగు పేజీల్లో మొదటిదానిలోకి వెళ్తుంది.

పెద్దవారిని అడిగేటప్పుడు సంవత్సరం అడగకండి, సంఘటన అడగండి. "అయ్యా, ఈ కారు ఇంటికి వచ్చేటప్పటికి కర్నూలు రాజధానిగా ఉండేదా?" అంటే 1953కూ 1956కూ మధ్యనా కాదా అన్నది తేలిపోతుంది. "పెద్దాయన పెళ్లికి ముందా, తరువాతా?" అంటే శుభలేఖ వెతికి తేదీ పట్టుకోవచ్చు. వారు చెప్పినదాన్ని వారి మాటల్లోనే రాసి, చెప్పిన తేదీ వేసి, ఆధారం దొరికేదాకా జ్ఞాపకంగానే ఉంచండి.

అన్నిటినీ ఒకచోట రాయడం

ప్రతి విషయానికీ మూడు గడులు గీయండి: విషయం, అది ఎక్కడ దొరికింది, దానిని ఎవరు ఎప్పుడు ఎందుకు రాశారు. రెండు ఆధారాలు ఒకే మాట చెబితే అవి నిజంగా వేర్వేరా అని చూడండి. మూడు పుస్తకాలు ఒకే సంఖ్య చెప్పినా, మూడూ ఒకే పాత పత్రిక నుంచి తీసుకుంటే ఆధారం ఒక్కటే. విభేదిస్తే రెండింటినీ రాసి, మీరు దేనిని ఎందుకు నమ్ముతున్నారో చెప్పండి. మధ్యస్థంగా ఒక సంఖ్యను మీరే తయారు చేయవద్దు.

మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా ఉన్న కారైతే ఈ ఫైలుకు వెంటనే ఒక ఉపయోగం ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం వి.ఎ. అక్షరాలున్న ప్రత్యేక నంబరు తీసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లకు ఒకసారి పునరుద్ధరణకు 5,000 రూపాయలు. ఆ నంబరుతో కారును రోజువారీ పనులకు, వ్యాపారానికి తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి అనుమతి ఉంటుంది. రిజిస్ట్రేషన్ దరఖాస్తు అయిన ఫారం 20తో పాటు బీమా, పాత ఆర్‌.సి., దిగుమతి కారైతే బిల్ ఆఫ్ ఎంట్రీ ఇవ్వాలి. మార్పులు జరిగాయా లేదా అన్న సందేహం తనిఖీలో వచ్చినప్పుడు మీ పెన్సిల్ ప్రింట్లు, హెరిటేజ్ సర్టిఫికెట్, బి-రిజిస్టర్ నకలు, కేటలాగు పేజీలు ఒకే ఫైలులో తేదీల వరుసలో పెట్టి ఇవ్వండి. అసలు పత్రాలను ఇంట్లో ఉంచుకుని, నకళ్లనే సమర్పించండి.